పది అంగల వెనక

జూన్ పదిహేడు, బుధవారం. ఆ ఉదయం మేం తిన్నది మాడిన రొట్టె, చెరో ఉడికించిన గుడ్డు. గుడ్లు పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను. పచ్చసొన చుట్టూ బూడిదరంగు తిరిగింది. అమ్మాయి ఏమీ అనకుండా ఇంకాస్త ఉప్పు చల్లుకుని తినేసింది. మా ఆవిడ పోయిన ఈ రెండేళ్లలో నా వంటకి దొరికిన దయ అలాంటిది. తిన్నాక చేతులు తుడుచుకుని, యూనిఫాం జేబులోంచి ఒక కాగితం తీసి నా కంచం పక్కన పెట్టింది.

"చదువు నాన్నా. నేను బండి తీయాలి," అని వెళ్లిపోయింది.

మా అమ్మాయి బస్సు డ్రైవరు. మా కాలనీ పైకొసన నీళ్ల ట్యాంకు దగ్గర బయల్దేరి, వంతెన దాటి, ఆస్పత్రి మీదుగా స్టేషనుకి వెళ్లే ఆరో నంబరు బస్సు తనది. కాగితం బస్సుల సంస్థ నుంచి వచ్చింది. ఉదయం ట్రిప్పులో సగటున నలుగురే ఎక్కుతున్నారనీ, సెప్టెంబరు ఆఖరి వారంలో మనుషుల్ని పెట్టి లెక్కిస్తామనీ, సగటు పద్దెనిమిదికి తగ్గితే అక్టోబరు ఒకటి నుంచి ఆ బస్సు రద్దనీ, డ్రైవరుని డిపో ఆఫీసులో కూర్చోబెడతామనీ రాశారు.

సాయంత్రం తను రాగానే, ఓదార్పు అనుకుని, డిపో ఆఫీసు అంటే నీడపట్టున కుర్చీయే కదమ్మా అన్నాను.

తను బూట్ల తాళ్లు విప్పుతూ ఆగింది. "నీడే కావాలనుకుంటే చదివిన చదువుకే దొరికేది కదా నాన్నా," అంది.

నిజమే. తనది లెక్కల్లో పట్టా. ఆరేళ్లప్పటి నుంచీ బస్సు నడుపుతాననేది. పిల్లల మాట కదా అని నవ్వేవాణ్ణి. ఉద్యోగంలో చేరినప్పుడు మాత్రం నవ్వలేకపోయాను, నాలుగు నెలలు సరిగా మాట్లాడలేదు. మొదటి రోజు మా ఆవిడ ఒక్కతే ఆ బస్సెక్కి, స్టేషను దాకా వెళ్లి, అదే బస్సులో తిరిగొచ్చింది. ఎలా ఉందని నేను అడగలేదు, తనూ చెప్పలేదు. ఆ తర్వాత అయిదేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆరో నంబరు ఎక్కలేదు. నాకు కారుంది. గుమ్మం నుంచి కారు తలుపు దాకా పదకొండు అడుగులు.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. నేను రోడ్ల శాఖలో ముప్పై నాలుగేళ్లు నక్షాలు గీశాను. రెండు వరుసల వంతెనని నాలుగు వరుసలు చేసిన నక్షా నాదే. ఎక్కడ చోటు చాలకపోతే అక్కడ కాలిబాటని చెక్కేసేవాళ్లం. కాగితం మీద అది ఒక గీత చెరిపినంత సులువు. వంతెన వెడల్పయ్యాక రెండేళ్లు సుఖంగా ఉంది. తర్వాత ఇంటికొకటి ఉన్న కార్లు ఒకటిన్నర అయ్యాయి. మా అరవై మూడు ఇళ్ల కార్లన్నీ ఉదయం ఒకేసారి దిగి, వంతెన దగ్గర అరగంట ఒకదాని వెనక ఒకటి నిలబడేవి. ఆ వరుసలో ఆరో నంబరు కూడా నిలబడేది. నలుగురు మనుషులూ, మిగతాదంతా గాలీ. అందుకని కాలనీలో దానికి గాలి బస్సు అని పేరు పడింది. ఆ పేరు విని నేనూ నవ్విన రోజులున్నాయి.

మర్నాడు పొద్దున పక్కవీధి పళ్ల డాక్టరు కారు తుడుచుకుంటుంటే వెళ్లి అడిగాను. ఆయన క్లినిక్కు ఆస్పత్రి ఎదురుగానే. బస్సు అక్కడే ఆగుతుంది. మరి బస్సెందుకు ఎక్కరండీ అంటే, స్టాపు చాలా దూరం మాస్టారూ అన్నాడు. ఎంత దూరమని అడిగాను. గుడ్డ భుజాన వేసుకుని కాసేపు ఆలోచించి, "చాలా," అన్నాడు. ఆ రోజు ఇంకో తొమ్మిది ఇళ్లలో అడిగాను. అందరూ దూరమే అన్నారు. ఎంతో ఎవరికీ తెలియదు. నడిచి చూసినవాళ్లు లేరు.

తెలియనిదాన్ని గీసి చూపించడం తప్ప నాకింకో విద్య రాదు. అటక మీంచి నక్షాల బల్ల దింపాను, పెన్నులు కడిగాను. మూడు వారాలు కాలికి బలపం కట్టుకుని తిరిగాను. ప్రతి ఇంటి గుమ్మం నుంచి నీళ్ల ట్యాంకు దాకా అంగలు లెక్కపెట్టి, వాచీ చూసుకుని, ఇంటికొక నక్షా గీశాను. ఎవరింటి గేటు ఎలా ఉంటే అలాగే, గోడ మీద పిల్లి పడుకుంటే పిల్లితో సహా. అడుగున గుండ్రటి అక్షరాల్లో: మీ గుమ్మం నుంచి నాలుగు వందల పది అంగలు. మూడున్నర నిమిషాలు. బస్సు ఏడు నలభైకి. మీరు ఏడు ముప్పై ఆరుకి బయల్దేరితే చాలు.

నక్షాలు అందరికీ నచ్చాయి. ఫ్రిజ్‌ల మీద అంటించుకున్నారు. మా ఇల్లు ఇంత అందంగా ఉంటుందా అని ఒకావిడ అడిగింది. పిల్లలు నన్ను కొంగ తాత అంటారు, కాళ్లు పొడవని. కొంగ తాత మా కుక్కని గీయలేదు అని ఒక ఫిర్యాదు వస్తే వెళ్లి కుక్కని చేర్చి వచ్చాను. మాటా మాటా కలిసి, జులై పదమూడు సోమవారం అందరం ఒకసారి ఎక్కి చూద్దాం అనుకున్నారు.

ఆ సోమవారం సన్నగా వాన. నేను ఏడున్నరకే ట్యాంకు మెట్ల మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఏడు ముప్పై తొమ్మిదికి స్టాపులో రోజూ ఎక్కే నలుగురూ, ఇంకో ఐదుగురూ ఉన్నారు. మిగతావాళ్లు ఎక్కడా అని చూస్తే, వీధులన్నిట్లో గొడుగులు కనిపిస్తున్నాయి. ట్యాంకు వైపు ఎత్తుకి వెళ్లే ఎక్కుడులో, దూరంగా, ఇంకా సగం దారిలో. పిల్లల్ని చెయ్యి పట్టి లాగుతున్నారు. పళ్ల డాక్టరు బ్యాగు గుండెకి హత్తుకుని పరుగెత్తుతున్నాడు. నేను బస్సు లోపలికి చూసి ఆగమని చెయ్యి ఊపాను. అమ్మాయి అద్దంలో వాళ్లని చూసింది. చూసినట్టు నాకు కనిపించింది. ఏడు నలభైకి తలుపు మూసి బస్సు తీసేసింది.

ఇరవై మందికి పైగా వానలో నిలబడి పొగ చూశారు.

కుట్టుపని చేసే మా పొరుగావిడ ఇంకా దారి మధ్యలోని పంపుహౌసు దాకా కూడా రాలేదు. ఆవిడకి ఒక కాలు పొట్టి. బస్సు వెళ్లిపోవడం చూసి, అక్కడి నుంచే నెమ్మదిగా వెనక్కి తిరిగింది. పళ్ల డాక్టరు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు.

"మాస్టారూ," అన్నాడు, "మీ నక్షా గొప్పది. బస్సు వీపు ఎలా ఉంటుందో జన్మలో మొదటిసారి చూశాను."

అందరూ నవ్వారు, మంచిగానే. నవ్వుకుంటూ ఇళ్లకి వెళ్లి కార్లు తీశారు. ఆ రోజు వంతెన దగ్గర వరుస ఎప్పటికంటే పొడుగ్గా ఉందట.

సాయంత్రం నేను అమ్మాయి కోసం కోపాన్ని వేడిగా ఉంచుకుని కూర్చున్నాను. నీ ఉద్యోగం కోసమే కదా వాళ్లంతా వచ్చింది, అర నిమిషం ఆగితే నీ సొమ్మేం పోయింది అని అడిగాను. తను కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు పెంచలేదు.

"కింద మూడో స్టాపులో ఒకావిడ ఉంటుంది నాన్నా. వారానికి మూడు రోజులు ఆస్పత్రిలో రక్తం శుభ్రం చేయించుకుంటుంది. ఎక్కువసేపు నిలబడలేదు. అక్కడ కూర్చోడానికి అరుగు కూడా లేదు. నేను ఏడు నలభై ఆరుకి వస్తానని నమ్మి, నలభై అయిదుకి ఇంట్లోంచి బయటికొస్తుంది. పైన నేను ఎంత ఆగితే, అక్కడ ఆవిడ అంత నిలబడాలి."

అక్కడ అరుగు ఎందుకు లేదో నాకు తెలుసు. ఒకప్పుడు ఉండేది. చెరిపిన గీత నాదే. ఆ మాట పైకి చెప్పలేకపోయాను. మరి వీళ్లంతా ఎందుకు ఆలస్యమయ్యారు, నేను అర నిమిషం ఎక్కువే ఇచ్చాను కదా అన్నాను.

తను బల్ల మీది నక్షా ఒకటి తీసి చూసింది. "ఇవన్నీ నీ కాళ్లతో కొలిచావు కదూ?"

"ఇంకెవరి కాళ్లతో కొలుస్తాను?"

తను కాస్త నవ్వింది. ఆ నవ్వు అలాగే ఉండగా, కిటికీ వైపు చూస్తూ అంది.

"అమ్మ నీతో బయల్దేరితే ఎప్పుడూ పది అంగలు వెనకే. నువ్వు మలుపులో ఆగి వాచీ చూసుకునేవాడివి. అమ్మ వచ్చి నిన్ను కలవగానే మళ్లీ నడిచేవాడివి. నువ్వు ఆగి అలుపు తీర్చుకునేవాడివి నాన్నా. అమ్మకి ఆ టైము ఉండేది కాదు."

నిందలా అనలేదు. ఫలానా స్టాపు తర్వాత ఫలానా స్టాపు వస్తుందని చెప్పినట్టు చెప్పింది. తర్వాత లేచి గిన్నెలు కడగడానికి వెళ్లింది. నేను ఆ నక్షా మీది పిల్లిని చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు ఆవిడతో కలిసి నడిచానని అనుకున్నాను.

మర్నాడు కుట్టుపనావిడ ఇంటికి వెళ్లాను. ఆవిడ మా ఆవిడకి స్నేహితురాలు. నన్ను అన్నయ్యగారూ అంటుంది. మిషను మీద ఎవరిదో కోటు చేతులు పొట్టి చేస్తోంది. విషయం చెప్పి, ట్యాంకు దాకా మీతో నడవనిస్తారా చెల్లెమ్మా అని అడిగాను.

"నాతో నడిస్తే పుణ్యం వస్తుందో రాదో గానీ నిద్ర మాత్రం వస్తుంది," అంది ఆవిడ, నోట్లోంచి గుండుసూదులు తీస్తూ. "సరే రండి. కానీ మీరు నా వెనక నడవాలి. పక్కన నడిస్తే మీ కాళ్లు చూసి నేను తొందరపడతాను. ముందు నడిస్తే, ఇక చెప్పక్కర్లేదు."

అలా ఆమె ముందు, నేను వెనక. నత్తనడక అని తేలిగ్గా అనేస్తాం. నాకు మాత్రం పళ్లెంలో నిండా నీళ్లు పట్టుకుని నడిచినంత కష్టమైంది. ప్రతి అంగనీ సగంలో ఆపుకోవాలి. మొదటి వీధి దాటేసరికి నా పిక్కలు నొప్పి పుట్టాయి. రెండో వీధిలో ఎక్కడో ఆ నడక నా ఒంటికి పట్టింది. అప్పటి నుంచి నేను ఆ కాలనీలో లేను. ఎవరో కొత్త చోట దింపినట్టుంది. ఎక్కుడు ఒకే వాలు కాదు, మూడు వాలులు, మధ్యలో రెండు చోట్ల నేల చదునవుతుంది. నేను నా చేత్తో గీసిన రోడ్డే, నాకు తెలియదు. డాక్టరు ప్రహరీ పగుళ్లలో చిటికెనవేలు గోరంత ఆకులతో ఒక మొక్క, దానికి పసుప్పచ్చటి పూలు. మూడో వీధి మొదట్లో వాననీళ్లు ఒక మూలకి చేరి, అక్కడ ఆకాశం పడుకుని ఉంది. ఒక ఇంట్లోంచి ఎవరో సంగీతం సాధన చేస్తూ ఒకే చోట తప్పుతున్నారు. ఇరవై ఆరేళ్లుగా ఉంటున్న కాలనీ. ఇదంతా ఎక్కడ దాక్కుందో.

పంపుహౌసు దగ్గర మోకాలెత్తు గోడ ఉంది. ఆవిడ దాని మీద చెయ్యి వేసి ఆగింది.

"ఇక్కడ వదిన కూడా ఆగేది," అంది. "మీరు మలుపు తిరిగాక. ఒక్క నిమిషం. మీకు కనపడదు కదా, అందుకని."

ఆవిడ నడక మొదలుపెట్టాక, ఆ గోడ మీద నా చెయ్యి వేసి చూశాను. ఎండ తగిలి రాయి వెచ్చగా ఉంది. అప్పుడు నాకు కలిగింది బాధ ఒక్కటే కాదు. నేను ముందు మలుపులో వాచీ చూసుకుంటున్న ఆ నిమిషంలో ఈ లోకం మా ఆవిడకి ఒక గోడ ఇచ్చింది, దాన్ని వెచ్చగా ఉంచింది. ఆ సంగతి ఇన్నాళ్లకి నాకు తెలిసింది, అదీ ఒక మేలే.

ట్యాంకు చేరడానికి కుట్టుపనావిడకి తొమ్మిది నిమిషాలు పట్టింది. నేను రాసింది నాలుగు.

ఆ తర్వాత ఏడు వారాలు నేను జనం వెనక నడిచాను. నక్షా ఇక ఇంటికి కాదు, మనిషికి. నెలలు నిండిన ఒక అమ్మాయి వెనక, ప్రతి నీటిగుంటలోనూ ముఖం చూసుకునే ఒక ఆరేళ్ల పిల్ల వెనక, చేతికర్ర పట్టుకునే డాక్టరుగారి తల్లి వెనక. ఒక్కొక్కరి నడకకీ ఒక్కో లయ ఉంది. కొందరు తలుపు వేశాక మూడడుగులు వేసి, తాళం పడిందో లేదో చూడ్డానికి వెనక్కి వస్తారు. దానికి అర నిమిషం. కొందరు కనపడిన ప్రతివాళ్లనీ పలకరిస్తారు. దానికి ఒక నిమిషం. మాటలు తగ్గించుకోమని నేను ఎవరికీ చెప్పలేదు, ఆ నిమిషం కలిపి రాశాను.

డాక్టరుతో మాత్రం పేచీ వచ్చింది. ఏడు నిమిషాలని రాసి ఇస్తే కళ్లజోడు సవరించుకుని చూశాడు.

"మా అమ్మకి ఆరూ, నాకు ఏడా?"

"మీ అమ్మగారు మాట్లాడకుండా నడుస్తారండీ."

ఆయన తల్లి లోపలి నుంచి గట్టిగా నవ్వింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే ఆయన ఒకసారి ట్యాంకు దాకా నడిచి ఉన్నాడు. దారి పొడుగునా పంటి చిగుళ్ల గురించి చెబుతూ, చేరాక చుట్టూ చూసి, ఇంతేనా అన్నాడు. చాలామంది అదే మాట అన్నారు. ఇంతేనా. మొదటి నక్షాలు చేయలేని పనిని ఆ ఒక్క నడక చేసింది.

మళ్లీ సోమవారం అనుకున్నారు. ఆగస్టు ముప్పై ఒకటి.

ఆ ముందు రోజు అమ్మాయి, మళ్లీ తప్పితే మరి రారు నాన్నా అంది. భయపెట్టడానికి కాదు, తనకే భయంగా ఉంది. స్టీరింగు తిప్పుతున్నట్టు రెండు చేతులూ బల్ల అంచు మీద పెట్టుకుంది. ఆ చేతుల్ని అప్పుడు చూశాను. అరచేతుల్లో కాయలు. వాళ్లమ్మ చేతుల ఆకారమే.

ఏడు ఇరవైకి ట్యాంకు మెట్లెక్కి పై మెట్టు మీద నిలబడ్డాను. అక్కడి నుంచి ఐదు వీధులూ కనిపిస్తాయి. వాన లేదు. రాత్రి కురిసి వెళ్లిన తడి మాత్రం ఉంది. వీధుల్లో ఎవరూ లేరు. కార్లు ఎక్కడివక్కడ, పైన రాలిన ఆకులతో.

ఏడు ఇరవై తొమ్మిదికి, కింది వీధి చివర, ఒక్క తలుపు తెరుచుకుంది. కుట్టుపనావిడ బయటికొచ్చింది. చేతిలో సంచీ. తలుపు లాగి, ఎక్కుడు మొదలుపెట్టింది. అంత పెద్ద కాలనీలో ఆవిడ ఒక్కతే. ఏడు ముప్పై ఒకటికి ఇంకో వీధిలో ఇంకో తలుపు, నెలలు నిండిన అమ్మాయి. తర్వాత ఆరేళ్ల పిల్లా, వాళ్ల నాన్నా. తర్వాత డాక్టరు. ఒక నిమిషం ఆగి, అదే గుమ్మం లోంచి, ఆయన తల్లి. తలుపులు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటున్నాయి. దూరంగా ఉన్నవీ నెమ్మదైనవీ ముందు, దగ్గరవీ చురుకైనవీ తర్వాత. ఎవరూ పరుగెత్తడం లేదు. ఎవరూ ఎవరినీ లాగడం లేదు. ఆ పిల్ల ప్రతి నీటిగుంట దగ్గరా ఆగింది. ఆగడానికి దానికి టైముంది. పంపుహౌసు గోడ దగ్గర కుట్టుపనావిడ చెయ్యి వేసి నిలబడింది, నింపాదిగా. ఆవిడ మళ్లీ కదిలేసరికి వెనక వీధివాళ్లు ఆవిడ పక్కకి వచ్చారు, దాటిపోలేదు, దాటాల్సిన అవసరం లేదు.

నేను ముప్పై నాలుగేళ్లు గీసిన గీతల మీద వాహనాలు కదలడం చూశాను. మనుషులు కదలడం చూడలేదు. ఐదు వీధుల్లోంచి, ఎవరి నడక వాళ్లు నడుస్తూ, ముసలీ ముతకా, పిల్లా పెద్దా, అందరూ ఒక్క చోటికి, ఒక్క నిమిషానికి చేరుతున్నారు. నక్షా కాగితం మీంచి లేచి నడుస్తోంది. మెట్ల పక్కనున్న కమ్మీ పట్టుకున్నాను. మా ఆవిడ కూడా వాళ్లలో ఉంటే ఏ నిమిషానికి మా తలుపు తెరుచుకునేదో, నాకు తెలియదు.

ఏడు ముప్పై తొమ్మిది. స్టాపులో ముప్పై ఒక్క మంది. నేను దిగి ముప్పై రెండోవాణ్ణయ్యాను.

అమ్మాయి తలుపు తెరిచింది. ఎక్కేవాళ్లందరికీ తల ఊపుతోంది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. "టికెట్టు తీసుకోండి సార్," అంది. వెనకాల నవ్వులు. నేను తన వెనక మొదటి సీటులో కూర్చున్నాను. మా ఆవిడ ఆ మొదటి రోజు అక్కడే కూర్చుని ఉంటుంది. అక్కడి నుంచి అద్దంలో తన కళ్లు కనిపిస్తాయి.

ఏడు నలభైకి బస్సు కదిలింది. నేను నా జీవితంలో కొన్ని వంతెనలు లేవడం చూశాను, కొండని తొలిచి రోడ్డు వేయడం చూశాను. మా అమ్మాయి బస్సు నడపడం లాంటిది చూడలేదు. అంత బండి, దాని నిండా మనుషులు, తన మణికట్టు కదిలితే కదులుతోంది. గతుకు వస్తోందంటే ముందే వేగం తగ్గించేది. పక్క సీటులో కుట్టుపనావిడ చేతిలోని సంచీ కూడా ఊగలేదు. మలుపులో తల తిప్పకుండానే ఎడం పక్క సైకిలు వాడికి దారి ఇచ్చింది. రెండో స్టాపులో ఎవరూ లేరు, అయినా ఒక్క లిప్త ఆగి, ఒక మేడ కిటికీ వైపు చూసి, అక్కడ ఎవరో చెయ్యి ఊపాక కదిలింది. ఆ రోజు రావడం లేదని వాళ్ల గుర్తట. మూడో స్టాపు దగ్గర ఏడు నలభై ఆరు. ఒక పల్చటి ఆవిడ అప్పుడే గేటు వేసి నాలుగు అడుగులు నడిచి నిలబడింది. బస్సు తలుపు సరిగ్గా ఆవిడ కాళ్ల ముందు తెరుచుకుంది. ఆవిడ ఒక్క అడుగు కూడా అటూ ఇటూ వేయనక్కర్లేకపోయింది. డాక్టరు లేచి సీటు ఇచ్చాడు. ఆవిడ బస్సు నిండా ఉన్న జనాన్ని చూసి, పొరపాటున వేరే బస్సెక్కానేమో అన్నట్టు నంబరు బోర్డు కోసం తల తిప్పింది.

ఇదంతా రోజూ జరుగుతోంది. అయిదేళ్లుగా, నేను కారులో ఆ బస్సు వెనకే నిలబడి హారను కొడుతున్న రోజుల్లో కూడా.

వంతెన దగ్గర వరుస లేదు. పది పన్నెండు కార్లు, అవి కూడా కదులుతున్నాయి. అమ్మాయి కిటికీ అద్దం జరిపింది. బస్సు వంతెన ఎక్కగానే ఏదో హోరు వినిపించింది. ఇంజనుది కాదు. బస్సులో మాటలు వాటంతటవే తగ్గాయి. ఆరేళ్ల పిల్ల, అదేం చప్పుడు నాన్నా అంది. వాళ్ల నాన్న చెప్పలేకపోయాడు.

"ఏరు," అంది అమ్మాయి, అద్దంలోంచి. "వానలకి నిండింది."

ఆ వంతెన స్తంభాలు ఎంత లోతుకి దిగాయో అంగుళాలతో సహా చెప్పగలను. దాని కింద ఏరు మాట్లాడుతుందని నాకు తెలియదు.

అందరూ ప్రతిరోజూ రాలేదు. వానలు ముదిరిన వారంలో సగం మంది కార్లలో వెళ్లారు. మూడు ఇళ్లవాళ్లు నక్షాలు ఫ్రిజ్ మీంచి తీసేసి, మర్యాదగా నాకే తిరిగి ఇచ్చారు. డాక్టరు శుక్రవారాలు మాత్రం కారే అన్నాడు, ఊరికే, కారు అలగకుండా ఉండటానికట. లెక్కించేవాళ్లు ఆఖరి వారంలో ఇద్దరు వచ్చి, నొక్కితే అంకె పెరిగే మీటలు చేతిలో పెట్టుకుని ఐదు రోజులు తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ ఐదు రోజులూ నేను బస్సెక్కలేదు. నన్ను కలిపి పద్దెనిమిది అయిందనే మాట ఉండకూడదని. కుట్టుపనావిడ మాత్రం నన్ను తిట్టింది. మీరు మాత్రం మనిషి కారా అన్నయ్యగారూ అని.

సెప్టెంబరు ముప్పై మధ్యాహ్నం కాగితం వచ్చింది. సగటు ఇరవై మూడు. ఆరో నంబరు కొనసాగుతుంది. డ్రైవరు మార్పు లేదు. మూడే వాక్యాలు. మూడో స్టాపులో అరుగు కట్టమని నేను పంపిన అర్జీకి జవాబు లేదు. నక్షా కూడా జతచేసి పంపాను. మళ్లీ పంపుతాను.

ఆ సాయంత్రం నేను మా ఇంటికి నక్షా గీశాను. అందరివీ గీశాను, మాదే మిగిలింది. గేటు, గుమ్మం, గోడ పక్కన ఆకులు రాలిన కారు, పంపుహౌసు గోడ, ట్యాంకు. అడుగున మూడు గీతలు గీశాను. మొదటిదాని మీద నేను, నాలుగు నిమిషాలు అని రాశాను. రెండోదాని మీద అమ్మాయి, నాలుగుంబావు. మూడోదాని మీద మా ఆవిడ పేరు రాసి ఆగిపోయాను. ఎనిమిదా, ఆరా. కుట్టుపనావిడ నడకని బట్టి లెక్క కట్టొచ్చు. కానీ అది కుట్టుపనావిడ నడక అవుతుంది. గీత ఖాళీగా వదిలేసి, నక్షాని వీధి తలుపు లోపలివైపు అంటించాను. పెన్సిలు బల్ల మీదే ఉండిపోయింది. గుడ్లు ఈసారి వాచీ చూసి ఉడికించి, మూతపెట్టి, పడకకుర్చీలో నడుం వాల్చాను.

అమ్మాయి ఆఖరి ట్రిప్పు ముగించి వచ్చేసరికి నాకు కునుకు పట్టింది. గేటు చప్పుడుకి మెలకువ వచ్చింది గానీ కళ్లు పూర్తిగా తెరవలేదు. తను లోపలికి వచ్చి, తలుపు వేయబోతూ ఆగింది. చాలాసేపు నిలబడింది. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి పెన్సిలు తీసుకెళ్లింది. ఎడం చేత్తో తలుపు కదలకుండా పట్టుకుని, ఆ మూడో గీత మీద రాసింది. చిన్నప్పుడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని రోజూ ఆ ఎక్కుడు ఎక్కి బడి బస్సుకి వెళ్లింది తనే. తనకి తెలుస్తుంది.

నక్షాలకి వాడే లావు పెన్సిలు కాబట్టి కుర్చీలోంచే కనిపించింది.

ఏడు నిమిషాలు. గోడ దగ్గర ఆగినదానితో కలిపి.

తను నా వైపు చూసింది. నేను నిద్రపోతున్నాననుకుంది. గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, తలుపు మెల్లగా మూసింది.